డెనిస్ బ్రూటస్: రాబెన్ ద్వీపంలో రాళ్ళు కొట్టిన కవి, ఒలింపిక్స్ తలుపు మూయించిన మాస్టారు

పాతపుస్తకాలవాడు (విజయవాడ)

దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద మన దగ్గర ఎప్పుడు మాట వచ్చినా మండేలా దగ్గర మొదలై మండేలా దగ్గరే ఆగిపోతుంది. అందులో తప్పేం లేదు. కానీ రాబెన్ ద్వీపంలో ఆయనతో పాటు రాళ్ళు కొట్టిన ఖైదీల్లో ఒక కవి కూడా ఉన్నాడు. అంతకుముందు హైస్కూల్ మాస్టారు. పేరు డెనిస్ బ్రూటస్. ఈయన మీద ఇక్కడ ఒక థ్రెడ్ ఉంటే బాగుంటుందనిపించింది.

పుట్టింది 1924 నవంబర్ 28న, సాలిస్‌బరీలో. అంటే ఇప్పటి జింబాబ్వే రాజధాని హరారే. తల్లిదండ్రులిద్దరూ దక్షిణాఫ్రికా వాళ్ళే, ఇద్దరూ టీచర్లే. పసితనంలోనే కుటుంబం పోర్ట్ ఎలిజబెత్‌కు తిరిగొచ్చింది. ఫోర్ట్ హేర్ యూనివర్సిటీలో ఇంగ్లీషు చదివి, పోర్ట్ ఎలిజబెత్‌లోనే పిల్లలకు పాఠాలు చెప్పాడు. ప్రభుత్వం లెక్కలో ఆయన 'కలర్డ్', అంటే మిశ్రమ జాతి. 1950లో వచ్చిన జనాభా రిజిస్ట్రేషన్ చట్టం ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర కొట్టింది. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవాళ్ళు. అది జారి కిందపడితే ఒక జాతి, ఇరుక్కుంటే ఇంకో జాతి. ఎక్కడ ఉండాలో, ఎవర్ని పెళ్ళి చేసుకోవాలో, ఏ బెంచీ మీద కూర్చోవాలో ఆ ముద్రే చెప్పేది.

ఇక మాస్టారు ఆటల్లోకి ఎలా వచ్చాడంటే, స్కూల్లో క్రీడాపోటీలు చూసుకునే పని ఆయన మీద పడింది. పిల్లలు బ్రహ్మాండంగా పరుగెత్తుతున్నారు, కానీ దేశం జట్టులోకి వాళ్ళను తీసుకోరు. అంతర్జాతీయ సమాఖ్యల్లో సభ్యత్వం ఉన్నది తెల్లవాళ్ళ సంఘాలకే. ఆయన కూర్చుని ఒలింపిక్ నియమావళి చదివాడు. జాతి వివక్ష పనికిరాదని అందులోనే రాసుంది. అంతే, దాన్ని పట్టుకుని ఉత్తరాలు మొదలుపెట్టాడు. మీ రూలు ఇది, మీ సభ్యదేశం చేస్తున్నది ఇది, ఏమంటారు అని. 1958లో ఒక క్రీడా సంఘం కట్టారు. 1962లో దక్షిణాఫ్రికా వివక్షారహిత ఒలింపిక్ కమిటీ, పొట్టిగా 'శాన్‌రాక్', వచ్చింది. దానికి అధ్యక్షుడు ఈయనే.

నాకు ఈయనలో అన్నిటికంటే నచ్చింది ఆ చూపు. ఓటు హక్కు గురించి ఎంత మొత్తుకున్నా అక్కడి తెల్లవాళ్ళ చెవికెక్కదు. రగ్బీ మ్యాచ్ రద్దయితే మాత్రం రాత్రి నిద్ర పట్టదు. ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో అక్కడే కొట్టాడు.

తూనీగ

పేరు బ్రూటస్సా? సీజర్‌ని పొడిచిన బ్రూటస్ లాగా? ఇంట్లో వాళ్ళు ధైర్యవంతులే 😄

జోబర్గ్_సుబ్బు

మాస్టారూ, మంచి థ్రెడ్ పెట్టారు. నేను ఉద్యోగరీత్యా జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్నా. బ్రూటస్ మీద కాల్పులు జరిగింది ఈ ఊరి నడిబొడ్డునే. అది పూర్తిగా చెప్పాల్సిన కథ.

1961లోనే ఆయన మీద నిషేధ ఉత్తర్వు వచ్చింది. నలుగురు కూడిన చోట ఉండకూడదు, పాఠం చెప్పకూడదు, ఆయన రాసింది ఎవరూ అచ్చెయ్యకూడదు. ఉద్యోగం పోయింది. ఈ ఊరొచ్చి విట్స్ యూనివర్సిటీలో లా చదువుతుంటే 1963లో అరెస్టు చేశారు. నేరం ఏంటంటే ఆటల గురించిన మీటింగుకు వెళ్ళడం! బెయిలు మీద బయటికొచ్చి స్వాజిలాండ్‌కు తప్పించుకున్నాడు. ఆ ఏడాది జర్మనీలో బాడెన్ బాడెన్‌లో ఒలింపిక్ కమిటీ సమావేశం ఉంది, అక్కడికి చేరుకుని గొడవ చెయ్యాలని ప్లాను. స్వాజిలాండ్ నుంచి అప్పట్లో పోర్చుగల్ వలసగా ఉన్న మొజాంబిక్‌లోకి అడుగుపెట్టగానే పోర్చుగీసు రహస్య పోలీసులు పట్టుకున్నారు. సాలిస్‌బరీలో పుట్టాడు కాబట్టి చేతిలో రొడీషియా (జింబాబ్వే పాత పేరు) పాస్‌పోర్టు ఉంది. అయినా దాన్ని లెక్కచెయ్యకుండా తీసుకొచ్చి దక్షిణాఫ్రికా పోలీసులకు అప్పజెప్పారు.

జొహానెస్‌బర్గ్ పోలీసు స్టేషన్ దగ్గర కారు ఆగగానే ఆయన పరుగు లంకించుకున్నాడు. సాయంత్రం, ఆఫీసులు వదిలే టైము, రోడ్డు నిండా జనం. వెనక నుంచి డిటెక్టివ్ తుపాకీ పేల్చాడు. తూటా వీపులోంచి దూరి ముందు నుంచి బయటికొచ్చింది. ఆంగ్లో అమెరికన్ గనుల కంపెనీ హెడ్డాఫీసు దగ్గర పేవ్‌మెంట్ మీద పడిపోయాడు. అంబులెన్స్ వచ్చింది. స్ట్రెచర్ కూడా దించారు. తీరా చూస్తే మనిషి కలర్డ్. ఆ బండి తెల్లవాళ్ళది. వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన జాతి బండి వచ్చేదాకా ఆ నెత్తుట్లోనే పడున్నాడు.

సందేహాల్‌రావు

బుద్ధున్నవాడు పోలీసుల చేతిలో ఉండగా నడిబజార్లో పరుగెడతాడా? కాలుస్తారని తెలీదా?

జోబర్గ్_సుబ్బు

తెలిసే పరుగెత్తాడు రావుగారూ. ఆయన పట్టుబడ్డ సంగతి ఇంట్లోవాళ్ళకు గానీ స్నేహితులకు గానీ తెలీదు. దేశం దాటేశాడనే అందరూ అనుకుంటున్నారు. ఎక్కడో సెల్లులో పెట్టి చంపేసినా అడిగే నాథుడు లేడు. నలుగురి కళ్ళూ పడాలంటే జనం మధ్యలోనే ఏదో ఒకటి జరగాలి. తర్వాత ఆయనే ఈ కారణం చెప్పాడు.

బతికి బట్టకట్టాక ఇక్కడి ఫోర్ట్ జైల్లో పెట్టారు. మన గాంధీగారిని కూడా పెట్టిన ఆవరణ అది. ఇప్పుడు అక్కడే రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. విచారణ ఖైదీల బ్లాకు కూలగొట్టి, ఆ ఇటుకలతోనే కోర్టు గోడ కట్టారు. ఇండియా నుంచి చుట్టాలొస్తే నేను ముందు అక్కడికే తీసుకెళ్తా. వాళ్ళకేమో సింహాల పార్కు చూడాలని ఉంటుంది!

మంజీర (సిద్దిపేట)

నేను కవిత్వం సంగతి జెప్త. జైలుశిక్ష పద్దెనిమిది నెలలు, అందులో ఎక్కువ కాలం రాబెన్ ద్వీపంలనే. బయటికొచ్చినంక ఇంట్లనే నిర్బంధం. కవిత రాసి అచ్చేస్తే మళ్ళ జైలు. మరి ఏం జేసిండు? ఆయన సోదరుడు కూడా జైల్ల ఉండె. ఆ సోదరుని భార్య పేరు మార్తా. ఆమెకు ఉత్తరాలు రాసిండు. ఉత్తర్వుల కవిత రాయొద్దని ఉంది గానీ ఇంటిమనిషికి ఉత్తరం రాయొద్దని లేదు గదా! అవే 1968ల లండన్‌ల హైన్‌మన్ వాళ్ళు 'లెటర్స్ టు మార్తా' అని పుస్తకం దెచ్చిండ్రు.

అందుల ఒకటున్నది, చదివినప్పటి నుంచి నన్ను వదలలేదు. అర్ధరాత్రి దాటినంక మెలకువొస్తది. చుక్కల్ని చూడాలనిపిస్తది. కానీ బయట ట్యూబులైట్ల వెలుతురు మసకమసకగ కమ్ముకొని ఉంటది, ఏమీ సరిగ కనిపించదు. తెగించి ఊచల సందులకెల్లి చెయ్యి బయటికి పెట్టి, వరండాల ఉన్న స్విచ్చి ఆర్పేస్తడు. సెల్లు చీకటైతది. కిటికి కాడికి ఉరుకుతడు. ఇంకా చూసీ చూడకముందే బూట్ల చప్పుడు. మెషీన్‌గన్ పట్టుకున్న కావలివాని గద్దింపు. గంతే, కవిత అయిపోయింది. ఏడుపు లేదు, తిట్టు లేదు. స్విచ్చి ఎక్కడున్నదో, చెయ్యి ఎట్ల పెట్టిండో చెప్తడు.

మరో ఉత్తరంల మేకులు, స్క్రూల సంగతి. జైల్ల ఇనుపముక్క దొరికితే అప్పజెప్పాలని కొత్త ఖైదీకి ఎంత తొందరగ తెలుస్తదో చెప్తడు. అది ఎవరి చేతిల పడితే ఏమైతదో మనమే ఊహించుకోవాలె. ఖైదీలు ఒకరి మీద ఒకరు చేసే దౌర్జన్యం గూడ దాచలే. లోపలున్నోళ్ళంతా మహాత్ములే అన్నట్టు ఎక్కడా రాయలే.

నీలాంబరి

మంజీరగారూ, నాకు ఆసక్తిగా అనిపించేది శైలి మారిన తీరు. మొదటి పుస్తకం 'సైరన్స్, నకిల్స్, బూట్స్' 1963లో నైజీరియాలో, ఇబాదాన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయన కటకటాల వెనక ఉన్నాడు. అందులో పద్యం బిగువుగా, అలంకారాలతో ఉంటుంది. జాన్ డన్ లాంటి పాత ఇంగ్లీషు కవుల ప్రభావం బాగా కనిపిస్తుంది. ప్రియురాలితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, చూస్తే ఆ ప్రియురాలు దేశం. పోలీసు సైరన్, తలుపు మీద దబదబ, బూటు చప్పుడు, వీటన్నిటి మధ్యలో ఒక మెత్తదనం వాడిపోకుండా మిగిలిందని చెప్పే కవిత అందులోనే ఉంది.

తర్వాత ఒంటరి సెల్లులో పెట్టినప్పుడు తన కవిత్వాన్ని తానే మళ్ళీ పరీక్షకు పెట్టుకున్నాడు. ఇంత చిక్కగా రాస్తే ఎవరికి అందుతుంది అని. అందుకే లెటర్స్‌లో అంత నిరాడంబరం. ఇది నాకు పూర్తిగా నచ్చిందని చెప్పలేను. మొదటి పుస్తకంలో ఉన్న సంగీతం రెండోదాంట్లో కొంత పోయింది. జనానికి అందాలంటే కవి తన గొంతు తగ్గించుకోవాలా?

ఇంకో విషయం. ఆ మొదటి పుస్తకానికి అక్కడి ఎంబారి సంస్థ బహుమతి ఇస్తే వద్దన్నాడు. అది నల్లజాతి కవులకు మాత్రమే పరిమితమైన బహుమతి. రంగు చూసి ఇచ్చేది ఏదైనా సరే తీసుకోనన్నాడు. చేతిలో పైసా లేని రోజుల్లో!

మంజీర (సిద్దిపేట)

నీలాంబరిగారూ, సంగీతం పోయిందంటే నేనొప్పుకోను. తక్కువ మాటలల్ల రాస్తే సంగీతం లేనట్టేనా? 'కోల్డ్' అనే కవిత చూడుండ్రి. ద్వీపానికి తరలించేటప్పుడు ఖైదీల కాళ్ళకు గొలుసులు. దారిల ఒక ఊర్ల దించుతరు. సిమెంటు నేల మీద వట్టి కాళ్ళు, చలి కాళ్ళల్లకెల్లి పైకి పాకుతది. చేతులతోని గటక తింటరు. పైన దక్షిణాది చుక్కలు. చదువుతుంటే నా పాదాలు చల్లబడ్డయి.

కవర్‌డ్రైవ్ (గుంటూరు)

కవిత్వం మీరు మాట్లాడుకోండి. నాకో బాధ ఉంది, అది చెప్తా. ఈయన చేసిన బహిష్కరణ వల్ల క్రికెట్ ఏం కోల్పోయిందో తెలుసా? గ్రేమ్ పొలాక్, సగటు 60.97, ఆడింది 23 టెస్టులు. బారీ రిచర్డ్స్, సగటు 72.57, ఆడింది నాలుగంటే నాలుగు టెస్టులు. మైక్ ప్రోక్టర్, ఏడు టెస్టులు. 1970లో ఆస్ట్రేలియాను 4-0తో చితక్కొట్టిన జట్టు అది. ఆ తర్వాత 22 ఏళ్ళు టెస్టులే లేవు. వాళ్ళేం చేశారు పాపం? చట్టాలు చేసింది వాళ్ళు కాదుగా? రాజకీయం వేరు, ఆట వేరు.

పాతపుస్తకాలవాడు (విజయవాడ)

తమ్ముడూ, నువ్వు లెక్కపెట్టింది ఆ 11 మంది టెస్టులే. అసలు లెక్కలోకే రానివాళ్ళను ఎవరు లెక్కపెట్టాలి?

బేసిల్ డి ఒలివేరాను తీసుకో. కేప్‌టౌన్ కలర్డ్ కుర్రాడు. సొంత దేశంలో టెస్టు ఆడే దారి లేక ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1968లో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. అయినా దక్షిణాఫ్రికా టూర్‌కు ముందు ఎంపిక చెయ్యలేదు. గోల అయ్యాక, ఇంకో ఆటగాడు గాయంతో తప్పుకుంటే తీసుకున్నారు. ప్రధాని వోర్స్‌టర్ ఈ జట్టు మాకొద్దన్నాడు. టూరే రద్దు. మరి ఆటలోకి రాజకీయం తెచ్చింది ఎవరు? బ్రూటసా?

మన మూలాలున్నవాడి సంగతి కూడా చెప్తా. పాప్వా సెవ్‌గోలం, డర్బన్ గోల్ఫ్ ఆటగాడు, భారత సంతతి. చేతులు తిరగేసి పట్టుకుని ఆడేవాడు. 1963లో నాటాల్ ఓపెన్ గెలిచాడు. వాన పడుతోంది. క్లబ్బు లోపలికి భారతీయులకు ప్రవేశం లేదు. తెల్లవాళ్ళు లోపల, గెలిచినవాడు బయట వానలో. కప్పు అక్కడే అతని చేతికిచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. రెండేళ్ళ తర్వాత గ్యారీ ప్లేయర్‌ని కూడా ఓడించాడు. ఆపై ప్రభుత్వం అతన్ని పెద్ద టోర్నీలు ఆడనివ్వలేదు. పొలాక్ 23 టెస్టులకు బాధపడే మనం పాప్వా కోసం ఒక్క నిట్టూర్పైనా విడవాలి కదా.

కవర్‌డ్రైవ్ (గుంటూరు)

పాప్వా సంగతి నాకు తెలీదు, దారుణం. కానీ మాస్టారూ, ఒకళ్ళకి అన్యాయం జరిగిందని ఇంకొకళ్ళ కెరీర్ తీసేస్తే లెక్క సరిపోతుందా? నా అనుమానం అలాగే ఉంది. పైగా మనం కూడా నష్టపోయాం. 1974 డేవిస్ కప్. అమృత్‌రాజ్ సోదరులు మంచి ఫామ్‌లో ఉన్నారు, ఆస్ట్రేలియాను కొట్టాం, రష్యాను కొట్టాం, ఫైనల్‌కు చేరాం. అవతల దక్షిణాఫ్రికా. మన ప్రభుత్వం ఆడొద్దంది. కప్పు వాళ్ళకు ఊరికే పోయింది. ఇప్పటిదాకా మనం డేవిస్ కప్ గెలిచిందే లేదు.

గోదారిగట్టు (రాజమండ్రి)

నాకు 70 దాటాయి బాబూ. ఆ ఫైనల్ ఆడనందుకు అప్పట్లో మా కాలేజీ కుర్రాళ్ళమంతా తిట్టుకున్నాం కూడా. కానీ ప్రభుత్వం అన్నమాట కొత్తది కాదు. 1946లోనే దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచేసిన దేశం మనది. నా మొదటి పాస్‌పోర్టు గల్ఫ్‌కు వెళ్ళేటప్పుడు తీసుకున్నా, దాంట్లో దక్షిణాఫ్రికా తప్ప మిగతా దేశాలకు చెల్లుతుందని ముద్ర ఉండేది. దుబాయ్‌లో పక్క గదిలో ఉన్న ఫిలిప్పీన్స్ అతను ఆ ముద్ర చూసి, మీకూ వాళ్ళకూ యుద్ధం జరుగుతోందా అనడిగాడు. ఒకరకంగా అవునన్నాను.

వకీలుసాబ్ (హైదరాబాద్)

టెన్నిస్ మాట వచ్చింది కాబట్టి లా చదివినవాళ్ళకు ఒక తీపి జ్ఞాపకం. మేం కాలేజీలో చదివిన 'బ్రూటస్ వర్సెస్ కజిన్స్' కేసులో బ్రూటస్ ఈయనే! అప్పుడు ఎవరో తెలీదు, పరీక్షకు పనికొచ్చే పేరు, అంతే.

1966లో బ్రూటస్ దేశం విడిచాడు. తిరిగొస్తే జైలే అన్న షరతు మీద పంపేశారు, భార్య, ఎనిమిది మంది పిల్లలతో కుటుంబం ప్రవాసం పట్టింది. లండన్‌లో ఉంటూ శాన్‌రాక్‌ను మళ్ళీ నిలబెట్టాడు. 1971 జూన్‌లో వింబుల్డన్‌లో నంబర్ టూ కోర్టు మీద దక్షిణాఫ్రికా ఆటగాడు డ్రైస్‌డేల్ ఆడుతున్నాడు. బ్రూటస్ కోర్టులోకి దిగి, విజిల్ ఊది, కరపత్రాలు విసిరాడు. ఇంకొందరు బ్యానర్లతో దిగారు. అందరూ అక్కడే కూర్చుండిపోయారు. ప్రేక్షకులకు మండిపోయింది, కొందరు పిడికిళ్ళు కూడా చూపించారు. పోలీసులు ఎత్తుకెళ్ళి 1936 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టం కింద కేసు పెట్టారు. శాంతిభంగం కలిగించేలా 'అవమానకరంగా' ప్రవర్తించాడని.

మేజిస్ట్రేట్లు కొట్టేశారు. పైకోర్టు తిరగేసింది. చివరికి 1972లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో బ్రూటస్ గెలిచాడు. లార్డ్ రీడ్ చెప్పింది స్థూలంగా ఇది. జనానికి కోపం తెప్పించినంత మాత్రాన అవమానించినట్టు కాదు. ఒక ప్రవర్తన అవమానమో కాదో మామూలు మనిషికి చూడగానే తెలుస్తుంది, అది తేల్చాల్సింది విచారణ కోర్టు. నిరసన తెలిపే హక్కు మీద వాదించేటప్పుడు ఈ తీర్పు ఇప్పటికీ పైకి తీస్తాం. టెన్నిస్ మ్యాచ్ ఆపినందుకు న్యాయశాస్త్రంలో చోటు దొరికిన కవి ఇంకెవరైనా ఉన్నారా?

సందేహాల్‌రావు

అన్నీ బాగానే ఉన్నాయి. మరి శాన్‌రాక్ వాళ్ళే బాంబు పెట్టారని ఎక్కడో చదివాను. దాని సంగతేంటి? ఉత్తరాలు, కవిత్వం అంటూ మెత్తగా చెప్తున్నారు.

జోబర్గ్_సుబ్బు

బ్రూటస్ జైల్లో ఉండగా శాన్‌రాక్ అధ్యక్షుడైన జాన్ హారిస్ సంగతి మీరు చదివింది. తెల్లవాడు, ఆయనా టీచరే. 1964 జులైలో జొహానెస్‌బర్గ్ రైల్వే స్టేషన్లో బాంబు పెట్టాడు. ముందుగా ఫోన్ చేసి హెచ్చరించాడు కూడా, కానీ జనాన్ని ఖాళీ చేయించలేదు. ఒక వృద్ధురాలు చనిపోయింది, ఒక చిన్నపిల్ల ఘోరంగా కాలిపోయింది. 1965 ఏప్రిల్ 1న హారిస్‌ను ఉరి తీశారు. అది ఆయన వేరే రహస్య సంస్థ తరఫున చేసిన పని. శాన్‌రాక్ నిర్ణయం కాదు. అయినా మచ్చ పడింది, అప్పటికే నాయకులు జైల్లో, ప్రవాసంలో ఉన్న సంస్థ దేశం లోపల దాదాపు చచ్చిపోయింది. లండన్‌లో మళ్ళీ మొదలుపెట్టాల్సి రావడానికి అదొక కారణం.

అక్కడ దాని ఆఫీసు ఒక హోటల్ బేస్‌మెంట్. నడిపిందేమో క్రిస్ డి బ్రోలియో అనే తెల్ల వెయిట్‌లిఫ్టర్, బ్రూటస్, ఇంకా ఇద్దరు ముగ్గురు. వీళ్ళ ఆయుధం టైప్‌రైటర్. ఆ బేస్‌మెంట్ నుంచి వాళ్ళు ఏం సాధించారో చూడండి. లండన్‌కు రాకముందే, 1964 టోక్యోకు దక్షిణాఫ్రికాను రానివ్వలేదు. 1968లో మెక్సికోకు పిలిచారు, ఆఫ్రికా దేశాలన్నీ మేం రామనేసరికి ఆ పిలుపు వెనక్కి తీసుకున్నారు. 1970లో ఒలింపిక్ ఉద్యమం నుంచే గెంటేశారు. 1972లో మ్యూనిక్ నుంచి రొడీషియాను కూడా. పెద్ద దేశాల ఓట్లు కొనే డబ్బు వీళ్ళ దగ్గర లేదు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన ఆఫ్రికా దేశాల్ని ఒక్కొక్కదాన్నీ కలుపుకుంటూ పోయారు, అదే కిటుకు.

నీలాంబరి

సరిగ్గా ఇక్కడే నా ప్రశ్న. అంత కవి, జీవితంలో మంచి ఏళ్ళన్నీ తీర్మానాలు టైపు చేస్తూ, కమిటీల చుట్టూ తిరుగుతూ గడిపాడు. ఆ టైమంతా కవిత్వానికి ఇచ్చుంటే?

పాతపుస్తకాలవాడు (విజయవాడ)

ఇచ్చుంటే ఇంకో రెండు పుస్తకాలు వచ్చేవేమో అమ్మా. కానీ ఆయన రాయడం ఎప్పుడూ ఆపలేదు. విమానాల్లో, ఎయిర్‌పోర్టుల్లో, హోటల్ గదుల్లో రాశాడు. ప్రవాస కవితల్లో ఆ అలసట, ఆ పరాయితనం బాగా కనిపిస్తాయి. 1970లో 'థాట్స్ అబ్రాడ్' అనే పుస్తకం జాన్ బ్రూయిన్ అన్న మారుపేరుతో వేశాడు. ఎందుకంటే బ్రూటస్ పేరుంటే దక్షిణాఫ్రికాలో ఆ పుస్తకం అమ్మనివ్వరు. అలా మారుపేరుతో సొంత దేశపు పాఠకుల దగ్గరికి వెళ్ళాడు.

1973లో టేబుల్ టెన్నిస్ పోటీల వంకన చైనా వెళ్ళి, అక్కడి పాత కవిత్వం ధోరణిలో చిన్న చిన్న కవితలు రాశాడు. రెండు మూడు పంక్తుల్లో అయిపోతాయి. మినీ కవితలు ఇష్టపడేవాళ్ళు 'చైనా పోయెమ్స్' తప్పక చూడాలి.

అమెరికా కథ వేరే. 1971 నుంచి నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1980లో రొడీషియా కాస్తా జింబాబ్వే అయ్యేసరికి పాత కాగితాలు చెల్లకుండా పోయాయి. రీగన్ ప్రభుత్వం ఆయన్ని దేశం నుంచి పంపించేయాలని చూసింది. కోర్టులో పోరాడి 1983లో ఆశ్రయం సంపాదించాడు. వీసా స్టేటస్ టెన్షన్ అంటే ఏంటో మన అమెరికా పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు, దానికి తోడు ఈయనకు తిరిగి వెళ్తే ప్రాణభయం. ఆ తర్వాత పిట్స్‌బర్గ్‌లో పాఠాలు చెప్పాడు.

తూనీగ

మండేలా ప్రెసిడెంట్ అయ్యాక ఈయనకి మంత్రి పదవి ఏమన్నా ఇచ్చారా?

జోబర్గ్_సుబ్బు

లేదు. ఆయన అడగలేదు కూడా. పైగా కొత్త ప్రభుత్వం ఆర్థిక విధానాల్ని గట్టిగానే విమర్శించాడు. వివక్ష కాలంలో లాభపడ్డ బహుళజాతి కంపెనీలు పరిహారం కట్టాలని 2002లో న్యూయార్క్ కోర్టులో వేసిన దావాల వెనకా ఉన్నాడు. 2005 నుంచి డర్బన్‌లో, క్వాజులు నాటాల్ యూనివర్సిటీలో ఉన్నాడు.

డర్బన్ అంటే మన తెలుగువాళ్ళకు పాత బంధం. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో మొదటి కూలీలు దిగిన రేవు. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. నాయుడు అనే ఇంటిపేరు చూసి నేను తెలుగులో పలకరిస్తే, నవ్వి ఇంగ్లీషులో మాట్లాడతారు. కానీ పెళ్ళికి తాళి, పండక్కి బూరెలు అలాగే ఉన్నాయి. 1996 రాజ్యాంగంలో ప్రోత్సహించాల్సిన భాషల వరుసలో తెలుగు పేరు కూడా రాశారు. బ్రూటస్ లాంటివాళ్ళు పోరాడింది ఈ భారతీయుల కోసం కూడా. శాన్‌రాక్‌ను తర్వాతి రోజుల్లో నడిపిన శామ్ రామ్‌సామి డర్బన్ భారతీయుడే.

వకీలుసాబ్ (హైదరాబాద్)

2007 సంఘటన ఎవరూ చెప్పలేదు. దక్షిణాఫ్రికా క్రీడా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈయన్ని చేర్చుతామని వేడుకకు పిలిచారు. వెళ్ళాడు. వేదిక ఎక్కి, వద్దని చెప్పి దిగిపోయాడు. వివక్ష ఆటల్ని సమర్థించినవాళ్ళను, దానివల్ల బాగుపడినవాళ్ళను దాని బాధితుల పక్కన ఒకే గోడ మీద పెట్టడం కుదరదన్నాడు. ముందు ఆటల్లో జరిగిందంతా నిజంగా బయటికి రావాలి, క్షమాపణలు రావాలి, ఆ తర్వాతే సయోధ్య అన్నాడు.

సందేహాల్‌రావు

ఇది మాత్రం నాకు మొండితనం అనిపిస్తోంది. మండేలా 1995లో రగ్బీ జెర్సీ వేసుకుని కప్పు ఇచ్చాడు. ఆయన మర్చిపోగా లేంది ఈయనకేంటి? 83 ఏళ్ళ వయసులో ఇంకా పగలా?

మంజీర (సిద్దిపేట)

పగ ఎట్లయితది రావుగారూ? మండేలా చేసింది దేశం నడిపేటాయన చెయ్యాల్సిన పని. ఈయన మీద రాజ్యం భారం లేదు. లెక్క ఇంకా తేలలేదని చెప్పేటోడు గూడ ఒకడుండాలె. అందరం ఫొటోకు నవ్వితే పాప్వాకు వానల కప్పు ఇచ్చినోళ్ళను ఎవరడుగుతరు? నల్లజాతి కవుల బహుమతిని వద్దన్న మనిషే ఇదీ వద్దన్నడు. రెండు దిక్కులా ఒక్కటే కొలత.

కవర్‌డ్రైవ్ (గుంటూరు)

నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోవట్లేదు గానీ, ఒకటి గుర్తొచ్చింది. వాళ్ళు మళ్ళీ క్రికెట్‌లోకి వచ్చింది మన దగ్గరికే. 1991 నవంబర్ 10, ఈడెన్ గార్డెన్స్. క్లైవ్ రైస్ కెప్టెన్. డోనాల్డ్ అయిదు వికెట్లు తీశాడు, సచిన్ 62 కొట్టాడు, మూడు వికెట్లతో గెలిచాం. మా వీధిలో టీవీ ఉన్న ఇంట్లో జనం కిటికీలు పట్టుకుని వేలాడారు. అబ్బ, ఏం మ్యాచ్!

పాతపుస్తకాలవాడు (విజయవాడ)

ఆ మ్యాచ్ నేనూ చూశా తమ్ముడూ. స్కోర్‌కార్డు మళ్ళీ ఒకసారి తీసి చూడు. ఆ రోజు దక్షిణాఫ్రికా తరఫున దిగిన 11 మందీ తెల్లవాళ్ళే. కలర్డ్ ఆటగాడు ఒమర్ హెన్రీ టెస్టు జట్టులోకి వచ్చింది మరుసటి ఏడాది, అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు.

కవర్‌డ్రైవ్ (గుంటూరు)

40 ఏళ్ళకి డెబ్యూనా? స్పిన్నర్ కదా, లెఫ్టార్మ్. ఇదివరకు ఆయన రికార్డు చూసి, ఇంత లేటుగా ఎందుకొచ్చాడా అనుకున్నా.

గోదారిగట్టు (రాజమండ్రి)

బ్రూటస్ ఎప్పుడు పోయారండీ?

జోబర్గ్_సుబ్బు

2009 డిసెంబర్ 26న, కేప్‌టౌన్‌లో, నిద్రలోనే. ప్రోస్టేట్ క్యాన్సర్. 85 ఏళ్ళు. చివరి నెలల్లో వాతావరణ మార్పు మీద కోపెన్‌హేగన్ సదస్సు గురించి రాస్తూనే ఉన్నాడు.

నీలాంబరి

పాతపుస్తకాలవాడుగారూ, చదవాలంటే ఏది ముందు తీసుకోమంటారు? మొదటి పుస్తకం విడిగా దొరకడం కష్టంలా ఉంది.

పాతపుస్తకాలవాడు (విజయవాడ)

'ఎ సింపుల్ లస్ట్' తీసుకోండి, 1973ది. మొదటి పుస్తకంలోని కవితలు, మార్తా ఉత్తరాలు, ప్రవాస కవితలు ఒకేచోట ఉన్నాయి. హైన్‌మన్ ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్ కాబట్టి యూనివర్సిటీ లైబ్రరీల్లో, ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ బీరువాల్లో ఉండే అవకాశం ఎక్కువ. మీరు సంగీతం పోయిందన్నారు కదా, రెండూ ఒకే బైండులో ఉంటే పోల్చుకోవడం సులువు. చదివాక మీరూ మంజీరగారూ ఇక్కడే తేల్చుకోండి.

మంజీర (సిద్దిపేట)

నేను తయారే. పుస్తకం దొరికినంక నీలాంబరిగారు ఏ కవిత అంటే ఆ కవిత మీద కూసుందాం.